టబ్బు తీసేసిన ఇల్లు

సంధ్యారాణి వచ్చేసరికి, చూడాల్సింది అక్కడ లేకుండా పోయింది.

చంద్రమతి మునిగి చనిపోయిందని పోలీసులు రాసుకున్న బాత్ టబ్బు స్థానంలో ఇప్పుడు బూడిదరంగు టైల్స్ పరిచిన చదును నేల ఉంది. కాలు జారని గరుకు టైల్స్. గట్టు లేదు, గడప లేదు. గదిలోంచి నడుచుకుంటూ నేరుగా షవరు కిందికి వెళ్ళిపోవచ్చు. గోడకు పట్టుకోవడానికి రెండు స్టీలు రాడ్లు, మడిచిపెట్టే కుర్చీ, నీళ్ళు ఇవతలికి చిమ్మకుండా నిలువెత్తు గాజుపలక ఉన్నాయి. పక్షవాతం వచ్చిన మనిషి కోసం ఎంతో ఆలోచించి కట్టించిన షవరు. ఆ మనిషి పోయి పదకొండు రోజులైంది.

"మేడమ్ పోయినంక కూడా పని ఆపలేదా సార్?" అని అడిగింది.

అడిగింది చంద్రమతి భర్త విశ్వేశ్వరరావును. డెబ్బై రెండేళ్ళ మనిషి. బొగ్గు కంపెనీలో పెద్ద ఇంజనీరుగా రిటైరై, గోదావరిఖనిలోనే ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. ఆయన బదులు కొడుకు రాంప్రసాద్ మాట్లాడాడు. అతనిదీ కంపెనీ ఉద్యోగమే, ఓపెన్ కాస్టు గనిలో ఆఫీసరు. సామాన్లు వచ్చి పడున్నాయనీ, మేస్త్రీని ఒప్పుకున్నామనీ, మూడో రోజునే ఇన్‌స్పెక్టర్ జైపాల్ టబ్బు తీసేసుకోవచ్చని నోటిమాటగా చెప్పాడనీ అన్నాడు. సంధ్యారాణి ఆ చివరి మాట నోట్ చేసుకుంది. ఫైల్లో అది లేదు.

డిటెక్టివ్ అనే మాట ఈ ఊళ్ళో ఎవరూ వాడరు. లాయరు లింగమూర్తి దగ్గర పనిచేసే మేడమ్ అంటారు. ఐదేళ్ళ కిందటి దాకా ఆమె సబ్ ఇన్‌స్పెక్టరు. ఓపెన్ కాస్టు గుంతలో తేలిన ఒక పిల్ల శవం మీద ఆమె హత్య అని రాస్తే, జైపాల్ దాన్ని ప్రమాదం అని మార్చాడు. ఆమె రాజీనామా కాగితం అతని బల్ల మీదే పెట్టి బయటికొచ్చింది. ఇప్పుడు లింగమూర్తి కేసులకు ఆధారాలు వెతుకుతోంది. ఈ కేసులో ఆయన ముద్దాయి తరఫు. ముద్దాయి పోశవ్వ, ఈ ఇంట్లో నాలుగేళ్ళుగా పనిచేసిన మనిషి.

పోలీసుల కథ చిన్నది. మంగళవారం తొమ్మిదింటికి పోశవ్వ చంద్రమతిని టబ్బులో కూర్చోబెట్టి, నల్లా తిప్పి, అలాగే వదిలేసి బజారుకు పోయింది. విశ్వేశ్వరరావు పదింటిదాకా వాకింగ్‌లో ఉన్నాడు. తొమ్మిది నలభైకి ఏదో ఫైలు కోసం ఇంటికొచ్చిన రాంప్రసాద్, తల్లి మునిగి ఉండటం చూసి బయటికి తీశాడు. అప్పటికే ప్రాణం లేదు. చస్తుందని తెలిసీ వదిలేసి పోయిందని జైపాల్ పెద్ద సెక్షనే పెట్టాడు.

నిన్న కరీంనగర్ జైల్లో పోశవ్వ చెప్పింది వేరు. తొమ్మిదీ ఐదుకు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టిందట. బీపీ గోలీలు అయిపోయాయి, జల్ది తెమ్మని పెద్దసారే చెబితే తొమ్మిదింపావుకు మెడికల్ షాపుకు వెళ్ళిందట. అప్పుడు పెద్దసారు హాల్లో పేపరు చదువుతున్నాడు. తొమ్మిదీ యాభైకి తిరిగొస్తే గేటు దగ్గరే రాంప్రసాద్ నువ్వే చంపావన్నాడట. "నేను టబ్బుల కూసోపెట్టలే బిడ్డా," అంది పోశవ్వ. "ఆ టబ్బు గట్టు ఆమెను దాటిపిచ్చుడు నాతోని గాదనే గద కొత్తది కట్టిపిస్తున్నరు." ఆ మాట పోలీసులకు కూడా చెప్పింది. ఎవరూ రాసుకోలేదు.

సంధ్యారాణి రాంప్రసాద్ వైపు తిరిగి, ఆ రోజు చూసింది చూసినట్టు చెప్పమంది. టబ్బు నిండా నీళ్ళున్నాయని, అమ్మ తల నీళ్ళలో ఉందని అతను అప్పజెప్పినట్టు చెప్పాడు.

"మొదట ఏం చేసిన్రు?"

"బిరడా లాగాను. నీళ్ళు పోతే గానీ ఎత్తలేను. అమ్మ డెబ్బై కిలోలుంటుంది."

"టబ్బు ఖాళీ అయ్యేసరికి ఎంతసేపు పట్టింది?"

"నాలుగైదు నిమిషాలు."

"అందాక తల నీళ్ళల్లనే ఉందా?"

"పైకెత్తి పట్టుకున్నాను."

"మీ వాంగ్మూలంల ఆ మాట లేదు."

"ప్రతిదీ రాస్తారా ఏమిటి?"

"బిరడా లాగిన్రని రాసిన్రు కద."

అతని మొహం గట్టిపడింది. ఆమె బ్యాగులోంచి పోస్ట్‌మార్టం రిపోర్టు తీసింది. ఛాతీ మీద, మెడ ఎముకలకు కొంచెం కింద, విల్లులా వంగిన కమిలిన గీత. అదెట్ల వచ్చిందని అడిగింది. ఎత్తేటప్పుడు టబ్బు అంచు తగిలి ఉంటుందన్నాడు. టబ్బు అంచు వంకరగా ఉంటుందా, తిన్నగా ఉంటుందా అని అడిగితే, డ్యూటీకి టైమైందన్నాడు.

"ఆ టైముల మీరు ఎక్కడున్నరు సార్?" అని ఆమె ముసలాయన్ని అడిగింది.

"వాకింగ్‌కి వెళ్ళారని చెప్పాంగా," అన్నాడు రాంప్రసాద్. విశ్వేశ్వరరావు తల ఊపాడు. ఊపుతూ కొత్త టైల్స్ వైపు చూశాడు తప్ప ఆమె వైపు చూడలేదు.

ఆమెను లోపలికి రానిచ్చింది ఆయనే. నిన్న సాయంత్రం లింగమూర్తి ఆఫీసుకు ఫోన్ చేసి, వచ్చి చూసుకోమని చెప్పింది కూడా ఆయనే. చచ్చిన మనిషి భర్త ముద్దాయి వైపు వాళ్ళను ఎందుకు పిలిచాడో ఆమెకు అంతు పట్టలేదు. కొడుకు ఫోన్‌లో మాట్లాడుతూ ఉండగా ఆయన గేటు దాకా వచ్చి గడియ తీశాడు.

"టబ్బు పట్టుకెళ్ళింది మేస్త్రీ అంజి అమ్మా. కమాన్‌పూర్ దగ్గర వాళ్ళ ఊరు," అన్నాడు మెల్లగా. "సోమవారం సాయంత్రం కూడా వచ్చాడు వాడు."

ఫైల్లో మేస్త్రీ గురించి ఒకే ఒక వాక్యం ఉంది. మంగళవారం పదకొండు గంటలకు పని మొదలుపెట్టవలసి ఉండెను అని. సోమవారం అనే మాటే లేదు.

*

అంజి ఇంటి వెనక రేకుల పందిరి కింద బర్రె నీళ్ళు తాగుతోంది. అది తాగుతున్నది పాలరంగు ఫైబర్ టబ్బులో. ముప్పై ఏళ్ళ కిందట, ఈ బొగ్గు ఊళ్ళో పది ఇళ్ళల్లో కూడా లేని వస్తువది. ఇప్పుడు అడుగున పాచి పట్టి, అంచున గడ్డి అంటుకుని ఉంది. అంజి తల్లి పూలమ్మ కుడితి బక్కెట తెచ్చి అందులోనే పోయబోతుంటే సంధ్యారాణి ఆపింది.

ఒక మూలన, నీళ్ళు పోయే రంధ్రంలో, గోనెగుడ్డ చుట్టిన చెక్కమేకు దిగగొట్టి ఉంది. చుట్టూ సిమెంటు మెత్తారు.

"గిదేంది అంజీ? బిరడా లేదా దీనికి?"

"లేదక్కా. ఆ బొక్కకు ఇత్తడి గిన్నె లెక్క ఒకటుంటది. బిరడా, గొలుసు, అన్ని దానికే ఉంటయి. అది నేను ముందుగాలనే ఇప్పుకొచ్చిన."

"ముందుగాల అంటె ఎప్పుడు?"

"సోమారం పొద్దుమీకి. కొత్త షవరుకు కింద పైపు సైజు తెల్వాలె గద. షాపుల చూపెడదామని తెచ్చిన."

సంచి విప్పి, పనిముట్ల కింద నుంచి తీసి చూపించాడు. నల్లబడ్డ ఇత్తడి ముక్క, దానికి జానెడు గొలుసు, గొలుసు చివర రబ్బరు బిరడా.

సంధ్యారాణి దాన్ని చేతిలోకి తీసుకోలేదు. రుమాలు పరిచి దాని మీద పెట్టమంది. రాంప్రసాద్ మంగళవారం లాగానని చెప్పిన బిరడా సోమవారం సాయంత్రం నుంచీ ఈ సంచిలో ఉంది. ఆ టబ్బులో చెంబెడు నీళ్ళు కూడా నిలిచే దారి లేదు.

సోమవారమే విప్పావనడానికి రుజువేమిటని అడిగితే అంజి ఫోన్ తీశాడు. హార్డ్‌వేర్ షాపువాడికి పంపడానికి రంధ్రాన్ని దగ్గర్నుంచి ఫోటో తీశాడు. సోమవారం, సాయంత్రం ఐదూ నలభై రెండు. బోసిగా ఉన్న రంధ్రం, పక్కన విప్పిన ఇత్తడి ముక్క. ఆమె ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూసింది. కుడివైపు అంచున ఇంకేదో సగం కనపడుతోంది. పెద్ద ఇత్తడి పాత్ర. వెడల్పాటి గుండ్రని మూతి, నిండా నీళ్ళు.

"ఇదేంది?"

"గంగాళం. టబ్బుల నీళ్ళు నిలవయి, రేపటికి దేంట్లనన్న పట్టుకోవాలె అని నేనే పెద్దసారుకు చెప్పిన. అటక మీదిది దించుమన్నడు. దించింది నేనే, నింపింది నేనే."

"చిన్నసారు ఉన్నడా అప్పుడు?"

"లేడక్కా. కొత్తగూడెం పోయిండు, రాత్రికి వస్తడన్నరు."

రాంప్రసాద్ స్నానం మేడ మీది బాత్రూంలో చేస్తాడు. మంగళవారం పొద్దున ఆరున్నరకే ఫస్టు షిఫ్టుకు వెళ్ళాడు. టబ్బుకు బిరడా లేదని అతనికి తెలిసే అవకాశం లేదు. అందుకే నిండా నీళ్ళున్నాయన్నాడు. పోస్ట్‌మార్టం రిపోర్టులోని వంకర గీత కూడా ఆమెకు ఇప్పుడు అర్థమైంది. అది టబ్బు అంచు కాదు, గంగాళం మూతి.

పోలీసులు నిన్ను ఏం అడిగారని ఆమె అంటే, పని ఎన్ని రోజుల్లో అవుతుందని అడిగారన్నాడు అంజి.

ఫోటో తన ఫోన్‌కు పంపించుకుంది. ఇత్తడి ముక్కను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టమనీ, టబ్బు ముట్టొద్దనీ, రేపు లాయరు వచ్చి పద్ధతి ప్రకారం తీసుకుంటాడనీ చెప్పింది. పద్ధతి ప్రకారం అన్న ఆ మాటకు తర్వాత చాలా రోజులు ఆమె తనను తాను తిట్టుకుంది.

దారిలో లింగమూర్తి ఫోన్ చేశాడు. గని గేటు రిజిస్టరు నకలు దొరికింది. ఆ రోజు రాంప్రసాద్ బయటికెళ్ళింది తొమ్మిదీ ఎనిమిదికి. అక్కణ్ణుంచి ఇంటికి బండి మీద పన్నెండు నిమిషాలు. అంటే తొమ్మిదీ ఇరవైకల్లా అతను ఇంట్లో ఉన్నాడు. తొమ్మిదీ నలభై అని రాయించాడు. ఆ ఇరవై నిమిషాలు ఏం చేశాడు?

*

మూడున్నరకు ఆమె జైపాల్ ఎదురుగా కూర్చుంది. అతను టీ చెప్పాడు. ఆమె వద్దంది. ఫోటో, గేటు సమయం, పోస్ట్‌మార్టం గీత, ఒకదాని తర్వాత ఒకటి బల్ల మీద పెట్టింది. జైపాల్ ఫోటోను చాలాసేపు చూశాడు.

"మేస్త్రీ అది మల్ల బిగించి ఉండొచ్చు," అన్నాడు.

"బిగిస్తె ఇప్పుడు వాని సంచిల ఎట్లుంటది?"

"సంధ్యా, చార్జిషీటు తయారైంది. ఇయ్యాల గిది పట్టుకొచ్చి నన్నేం చెయ్యమంటవు?"

"టబ్బు తియ్యమని ఎవరు చెప్పిన్రో ముందు రాయి. మూడో దినంనాడు నువ్వే నోటితోని చెప్పినవంట. ఫైలుల లేదు."

అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. పోశవ్వ ఒప్పుకుంటే సెక్షన్ తగ్గిస్తానన్నాడు. నిర్లక్ష్యం అని రాస్తే కొన్ని నెలల్లో ఇంటికొస్తుంది. ఆమె బిడ్డ సహస్రతో ఆ మాట ఇప్పటికే మాట్లాడానన్నాడు. పెద్దింటి మీదికి పోతే కేసు పదేళ్ళు నడుస్తుంది, అందాకా ముసల్ది జైల్లోనే ఉంటుంది, నీకది మంచిగుంటదా అని అడిగాడు.

"చెయ్యనిది ఒప్పుకోమంటున్నవు."

"ఇంటికి పొమ్మంటున్న. నువ్వు ఎప్పటికీ గింతే. నిజం రాసుకుంట కూసుంటవు, జైల్లో ఉన్నోళ్ళు ఆడనే ఉంటరు."

అది ఆమెకు తగిలింది. ఆ పిల్ల కేసులో తాను నిజం రాసి బయటికొచ్చాక ఒరిగింది ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. కోపంలో నోరు జారింది. టబ్బు కమాన్‌పూర్ దగ్గర అంజి ఇంట్లో పదిలంగా ఉందనీ, బిరడా కూడా ఉందనీ, కోర్టులో జడ్జి ముందే పెడతాననీ చెప్పి లేచింది. మెట్లు దిగుతుండగా వెనక జైపాల్ ఎవరికో ఫోన్ కలుపుతున్న చప్పుడు విన్నది. అప్పుడు కూడా ఆమెకు తట్టలేదు.

నాలుగూ నలభైకి పూలమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తూ చెప్పింది. జీపు వచ్చింది. టబ్బు దొంగతనం చేశాడని ఇంటివాళ్ళు ఫిర్యాదు ఇచ్చారట. అంజిని, టబ్బును, బీరువాలోని గుడ్డమూటను, ఆఖరికి ఫోన్‌ను కూడా పట్టుకుపోయారు.

సంధ్యారాణి స్కూటీని రోడ్డు పక్కన ఆపింది. ఆ జీపుకు దారి చెప్పింది తానే. ఆమె దగ్గర ఇప్పుడు మిగిలింది నకలు ఫోటో ఒక్కటే. మేస్త్రీ మాట ఇక దొంగ మాట. సోమవారం పని ఎట్ల జరిగిందో చూసిన మనిషి ఇంకొక్కడే ఉన్నాడు. ఆమె బండి తిప్పింది.

*

విశ్వేశ్వరరావు వరండాలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి ఆశ్చర్యపోలేదు. లోపలికి తీసుకెళ్ళి ఎదురు కుర్చీ చూపించాడు.

"అంజిని కలిశావా అమ్మా?"

"కలిసిన. ఇప్పుడు వాడు స్టేషన్ల ఉన్నడు. సోమవారం మీరు గంగాళం దించిపిచ్చిన్రు. మంగళవారం మీ అబ్బాయి టబ్బు నిండా నీళ్ళన్నడు. బొక్క సంగతి మీకు తెల్సు. అయినా వాంగ్మూలం మీద సంతకం పెట్టిన్రు." ఆమె ముందుకు వంగింది. "తొమ్మిదీ ఇరవైకి మీ అబ్బాయి ఈడికొచ్చి మేడమ్‌ను ఏం చేసిండు?"

"వాడేం చెయ్యలేదు."

ఆయన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత ఎవరిచేతో ప్రమాదం రిపోర్టు రాయిస్తున్నట్టు, తడుముకోకుండా, వరసగా చెప్పాడు.

వాకింగ్‌కి వెళ్ళలేదు. పోశవ్వను గోలీలకు పంపింది తనే. చంద్రమతి కుర్చీలో ఉంది. పక్కన గంగాళం. పక్షవాతం వచ్చాక ఆవిడకు ఒక్క మాటే మిగిలింది. వద్దు. రెండేళ్ళు. అన్నానికీ వద్దు, మందులకీ వద్దు, దుప్పటికీ వద్దు. పక్క బట్టలు మారుస్తుంటే వద్దు, మార్చకపోయినా వద్దు. కొత్త షవరు కట్టిస్తానని బొమ్మ చూపిస్తే కూడా అదే మాట, ముందు రోజు రాత్రంతా. ఆ పొద్దున తను హాల్లోంచి వచ్చేసరికి ఆవిడ ఎడమచేత్తో చెంబు ముంచుకోబోతోంది. కుర్చీ జరిగింది. ఛాతీ గంగాళం మూతి మీద పడింది, తల నీళ్ళలోకి వెళ్ళింది.

"నేను తొయ్యలేదమ్మా," అన్నాడు. "ఎత్తలేదు కూడా."

సంధ్యారాణి బాత్రూం వైపు చూసింది. ఆయన చెప్పుకుపోయాడు.

"రెండడుగుల దూరంలో ఉన్నాను. హాలు గోడ మీద గడియారం కనపడుతూ ఉంది. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ ఇంట్లో ఆ మాట వినపడలేదు. తర్వాత వెనక్కి తిరిగితే రాంప్రసాద్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు."

"ఎప్పుడొచ్చిండు?"

"నేను అడగలేదు. వాడు చెప్పలేదు. ఇవాళ్టిదాకా."

తర్వాతదంతా కొడుకు చేశాడు. నీళ్ళు పారబోశాడు, గంగాళం మళ్ళీ అటక మీద పెట్టాడు, తండ్రి వాకింగ్‌కి వెళ్ళాడని చెప్పాడు, పోశవ్వ పేరు చెప్పాడు.

"టబ్బు అని ఎందుకు చెప్పిండు?"

"గంగాళమంటే పక్కనెవరున్నారని అడుగుతారు. టబ్బంటే పనిమనిషిని అడుగుతారు."

పోశవ్వ ఆవిడ పక్క బట్టలు రెండేళ్ళు ఉతికింది. ఆ సంగతి ఈయనకు పదకొండు రోజుల తర్వాత గుర్తొచ్చింది. ఆ మాట సంధ్యారాణి పైకే అంది. ఆయన ఔనన్నాడు. బొక్క సంగతి ఎవరో ఒకరు కనిపెడతారని రోజూ చూశాననీ, ఎవరూ రాకపోతే తనే ఫోన్ చేశాననీ, తిన్నగా చెప్పే ధైర్యం లేకే అంజి పేరు చెప్పి పంపాననీ అన్నాడు. మేజిస్ట్రేటు ముందు చెబుతారా అని అడిగితే, చెబుతానన్నాడు.

"రేపు కాదు సార్. ఇప్పుడే పోదాం. లింగమూర్తి సారు అన్ని చూస్తడు. చెప్పులేసుకోండి. ఆ గంగాళం కూడా ఎవరూ ముట్టకముందే చూపియ్యాలె."

ఆయన లేచాడు. అప్పుడే గేటు బయట కారు హారన్ మోగింది. ఒకసారి, వెంటనే రెండోసారి.

సంధ్యారాణి ఆయన చెయ్యి పట్టుకుని ఆపబోయింది. వెనక నుంచి దారి ఉందా అని అడిగింది. ఆయన మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు.

"వాడొస్తే గేటు నేనే తీస్తానమ్మా," అని వరండా దిగి వెళ్ళాడు.

ఆమె వరండాలోకి వచ్చి ఫోన్ తీసి లింగమూర్తికి కలిపింది. రింగు పోతోంది, ఎత్తడం లేదు. ముసలాయన గేటు రెండు రెక్కలూ తెరిచాడు. కారు లోపలికి వచ్చి ఆగింది. దిగిన కొడుకుతో ఆయన, ఇంట్లోకి కూడా వినపడేంత స్పష్టంగా అన్నాడు.

"ఆ అమ్మాయికి అంతా చెప్పేశాను. గంగాళం సంగతి కూడా."

రాంప్రసాద్ తండ్రి మొహం చూశాడు. వరండాలో ఉన్న సంధ్యారాణిని చూశాడు. తర్వాత తొందరేమీ లేనట్టు వెనక్కి నడిచి, గేటు మూసి, లోపలి నుంచి తాళం వేశాడు.